ఓర్పు నేర్పే టీకా: కీళ్లవాతంపై డీఎన్‌ఏ ప్రయోగాలు ఎంతవరకు వచ్చాయి?

రుమటాయిడ్ కీళ్లవాతంతో డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినవాళ్ల చీటీలో సాధారణంగా మొదట కనిపించే పేరు మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన చిన్న మాత్ర, దానికి తోడు ఫోలిక్ యాసిడ్. ఈ మందు పుట్టుకలో భీమవరంలో పుట్టిన ఒక మనిషి చెయ్యి ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలల్లో నడిపిన బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు పనిచేసే అమినాప్టెరిన్‌ను, దాని వెనకే మెథోట్రెక్సేట్‌ను తయారుచేసింది. అప్పటి గురి పిల్లల రక్తక్యాన్సర్. అమినాప్టెరిన్‌ను కీళ్లవాతం రోగులకు ఇచ్చి చూశామన్న నివేదిక 1951లో వచ్చింది. అప్పటికి సుబ్బారావు కన్నుమూసి మూడేళ్లు. మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతం మందుగా అమెరికా ఆమోదించడానికి 1988 దాకా పట్టింది.

2009లో చైనా పరిశోధకులు ఒక కొత్త రకం టీకాను ఇదే మందుకు పోటీగా పెట్టారు. కీళ్లవాతం తెప్పించిన ఎలుకల్లో కొన్నింటికి మెథోట్రెక్సేట్, మరికొన్నింటికి కోడి మృదులాస్థిలో ఉండే రెండో రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్ జన్యువును మోసుకెళ్లే డీఎన్‌ఏ ఇచ్చారు. కీళ్ల వాపును అణచడంలో ఆ డీఎన్‌ఏ మెథోట్రెక్సేట్‌కు సాటిగా నిలిచింది. వినడానికి గొప్ప వార్తే. అయినా ఇన్నేళ్ల తరవాత కూడా కీళ్లవాతానికి డీఎన్‌ఏ టీకా ఏ దేశంలోనూ ఆసుపత్రి గడప తొక్కలేదు. ఎలుకకూ మనిషికీ మధ్య అది ఎక్కడ ఆగిపోయిందో తెలియాలంటే ముందు రోగాన్ని చూడాలి.

మోకాళ్ల అరుగుదలనూ రుమటాయిడ్ కీళ్లవాతాన్నీ ఒకే గాటన కట్టడం మనవాళ్లలో మామూలు. అరుగుదల వయసుతో, బరువుతో కీలు దెబ్బతినే జబ్బు. రుమటాయిడ్‌లో శరీరాన్ని కాచుకోవాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద పడుతుంది. రెండు చేతుల కణుపులు, మణికట్లు వాస్తాయి. పొద్దున లేచాక గంట దాటినా వేళ్లు ముడుచుకోవు. జడ అల్లుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం, నీళ్ల చెంబు ఎత్తడం పెద్ద పనులవుతాయి. వాచిన ఆ పొర కలుపులా పాకి మృదులాస్థిని, ఎముకను తినేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2019 నాటికి ప్రపంచమంతటా 1.8 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. వారిలో దాదాపు 70 శాతం ఆడవాళ్లే.

దాడి ఎందుకు మొదలవుతుందో పూర్తిగా తేలలేదు గానీ ఒక దారి బాగా స్పష్టమైంది. మన ప్రోటీన్లలో ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కొన్ని ఎంజైములు దాన్ని సిట్రులిన్‌గా మార్చేస్తాయి. పొగ తాగేవారి ఊపిరితిత్తుల్లో, చిగుళ్ల జబ్బు ఉన్నవారి నోటిలో ఈ మార్పు ఎక్కువ. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 జన్యువులో కొన్ని రకాలున్నవారి టి-కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్లరక్తకణాలు) ఇలా రూపు మారిన సొంత ప్రోటీన్‌ను పరాయిదనుకుంటాయి. ల్యాబులో చేసే యాంటీ సీసీపీ పరీక్ష పట్టుకునేది ఈ పొరపాటు వల్ల పుట్టిన యాంటీబాడీలనే. నొప్పి మొదలవడానికి ఏళ్ల ముందే అవి రక్తంలో కనిపించడం చాలామందిలో చూశారు. ఈ ముందుకాలం టీకా ఆలోచనకు చాలా కీలకం.

ఇప్పుడున్న మందులు మనుషుల బతుకులను నిజంగానే మార్చాయి. 1992లో లండన్‌లో మొదటిసారి కీళ్లవాతం రోగులకు ఇచ్చిన టీఎన్‌ఎఫ్ నిరోధకాలు ఈ శతాబ్దపు అతి పెద్ద మందుల్లో చేరాయి. వాటిలో ఒకటైన అడలిముమాబ్‌కు 2014 చివర్లో అహ్మదాబాద్ కంపెనీ జైడస్ చవక రూపం తెచ్చింది. కానీ ఈ మందులన్నీ తప్పు చేస్తున్న కణాన్నీ సరిగ్గా పనిచేస్తున్న కణాన్నీ కలిపే అణుస్తాయి. టీఎన్‌ఎఫ్ అనేది వాపు రేపే రసాయనమే, అయితే క్షయ క్రిమిని ఊపిరితిత్తుల్లో గోడ కట్టి బంధించి ఉంచేది కూడా అదే. అందుకే ఈ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష తప్పనిసరి. ఒంట్లో నిద్రపోతున్న క్షయ కోట్లాది మందిలో ఉన్న మన దేశంలో ఇది లాంఛనం కాదు, ప్రాణాల మీదికి వచ్చే విషయం.

పల్లెల్లో ఇంటి కుక్క కొత్త కోడలిని చూసి మొరుగుతుంది. గొలుసుతో కట్టి మూతికి చిక్కం వేస్తే అరుపు ఆగుతుంది, రాత్రి దొంగ వచ్చినప్పుడూ ఆగుతుంది. పెద్దవాళ్లు చేసే పని వేరు. గొడవ లేని వేళ చూసి, ఆమె చేత్తోనే రోజూ కాస్త అన్నం పెట్టించి, వాసన అలవాటు చేస్తారు. ఆ తరవాత కుక్క దొంగను చూస్తే మొరుగుతుంది, కోడలిని చూస్తే తోక ఊపుతుంది. కీళ్లవాతానికి టీకా అన్నప్పుడు పరిశోధకులు వెతుకుతున్నది ఈ రెండో పద్ధతి. ఒక్క ప్రోటీన్ విషయంలో మాత్రమే ఓర్పు నేర్పి, మిగతా కాపలాను ముట్టుకోకుండా వదలడం.

దానికి డీఎన్‌ఏ ఎందుకు? 1990లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు చిట్టెలుక కండలోకి వట్టి డీఎన్‌ఏను, వైరస్ తొడుగూ కొవ్వు పొరా ఏమీ లేకుండా, సూదితో ఎక్కించారు. ఆ కండ కణాలు డీఎన్‌ఏలో రాసి ఉన్న ప్రోటీన్‌ను తయారుచేశాయి. 1993లో మెర్క్ కంపెనీ పరిశోధకులు ఇదే పద్ధతిలో ఫ్లూ వైరస్ ప్రోటీన్ జన్యువును ఇచ్చి చిట్టెలుకలను ఫ్లూ నుంచి కాపాడారు. ప్లాస్మిడ్ అనే ఈ గుండ్రటి డీఎన్‌ఏ ముక్కను ఈ-కోలి బ్యాక్టీరియాలో పెంచి, శుద్ధిచేసి వాడతారు. తయారీ తేలిక, నిల్వ తేలిక.

కానీ చిట్టెలుకలో మోగిన గంట మనిషిలో మోగలేదు. హెచ్‌ఐవీ, మలేరియా మీద ఇచ్చిన తొలి డీఎన్‌ఏ టీకాలకు మానవ శరీరం చాలా బలహీనంగా స్పందించింది. గుర్రాలకు, సాల్మన్ చేపలకు 2005లోనే డీఎన్‌ఏ టీకాలు వచ్చినా మనుషుల వంతు 2021 ఆగస్టు దాకా రాలేదు. అదీ మన దేశంలోనే. కోవిడ్ మీద జైడస్ తయారుచేసిన జైకోవ్-డికి అత్యవసర అనుమతి దొరికింది. మనుషులకు ఆమోదం పొందిన మొదటి డీఎన్‌ఏ టీకా అది. సూది లేని పరికరంతో చర్మంలోకి మూడు డోసులు ఇవ్వాల్సి వచ్చింది. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు రెండు డోసులతో సరిపెట్టిన చోట దీనికి మూడు అవసరమయ్యాయంటే ఆ బలహీనత ఇంకా పోలేదన్నమాట.

ఇక్కడే కథ మలుపు తిరుగుతుంది. అంటురోగం టీకాకు ఏది లోపమో, సొంత శరీరం మీదే దాడి జరిగే ఆటోఇమ్యూన్ జబ్బుల చికిత్సకు అదే కావాల్సిన గుణం. కండ కణం ఒక ప్రోటీన్‌ను కొద్దిమొత్తంలో, చాలాకాలం, ఏ అలజడీ లేకుండా తయారుచేస్తూ ఉంటుంది. టి-కణం లేచి దాడికి దిగాలంటే రెండు సైగలు కావాలి. ఒకటి, ఇదిగో ప్రోటీన్ అని చూపేది. రెండోది, ఇక్కడ ప్రమాదం ఉంది అని చెప్పేది. మొదటిదే అంది రెండోది అందకపోతే ఆ కణం మొద్దుబారుతుంది, చచ్చిపోతుంది, లేదా ఇతరులను శాంతపరిచే కాపరిగా మారుతుంది. ప్లాస్మిడ్‌లో ప్రమాద సైగలాంటిది ఒకటి ఉంది. బ్యాక్టీరియా డీఎన్‌ఏలో సి-జి జంటలు ఎక్కువ. మన కణాల్లోని టీఎల్‌ఆర్9 అనే గ్రాహకం వాటిని గుర్తుపట్టి అలారం కొడుతుంది. కాబట్టి ఆ జంటల్లో సి అక్షరాన్ని తీసి జి పెట్టేశారు. అలారం తీగ కత్తిరించినట్టయింది. డీఎన్‌ఏ టీకాలు కొత్తగా వచ్చినప్పుడు అవి ఆటోఇమ్యూన్ జబ్బులు తెచ్చిపెడతాయేమోనన్న భయం గట్టిగా ఉండేది. అదే సాధనాన్ని ఆ జబ్బుల మీదికే తిప్పడం ఈ రంగంలో అన్నిటికన్నా ధైర్యమైన ఆలోచన అనిపిస్తుంది.

శాంతపరిచే ఆ కాపరులనే రెగ్యులేటరీ టి-కణాలంటారు. జపాన్ శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి 1995లో వాటి గుర్తును పట్టుకున్నారు. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో వాటిని నడిపే ఫాక్స్‌పీ3 జన్యువును బయటపెట్టారు. 2025 వైద్య నోబెల్ ఈ ముగ్గురికీ దక్కింది. కీళ్లవాతం ఎలుకల్లో కొల్లాజెన్ డీఎన్‌ఏ ఇచ్చినప్పుడు పెరిగినవి ఈ కణాలే అని చైనా బృందం చూపింది.

ఎలుకల్లో మరో రెండు దారులు కూడా తొక్కారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఇరున్ కోహెన్ బృందం హీట్ షాక్ ప్రోటీన్లను ఎంచుకుంది. కణం ఒత్తిడిలో ఉన్నప్పుడు తయారుచేసుకునే ప్రోటీన్లివి. వాచిన కీలులో మెండుగా ఉంటాయి. చంపిన క్షయ క్రిములను నూనెలో కలిపి ఇస్తే లూయిస్ జాతి ఎలుకలకు కీళ్లవాతం వస్తుంది. మనిషి హెచ్‌ఎస్‌పీ60 జన్యువున్న డీఎన్‌ఏ ఇచ్చిన ఎలుకల్లో ఆ జబ్బు తగ్గిందని 2002లోనూ, హెచ్‌ఎస్‌పీ70, 90లతోనూ అదే ఫలితం వచ్చిందని 2004లోనూ ప్రకటించారు. ఇందులో అసలు విశేషం వేరే ఉంది. దాడికి కారణమైన ప్రోటీన్ ఏదో తెలియకపోయినా ఫరవాలేదు. వాచిన కీలులో కచ్చితంగా దొరికే ఏదో ఒక ప్రోటీన్ వైపు కాపరి కణాలను పంపితే, అక్కడికి చేరి అవి ఐఎల్-10 లాంటి శాంత రసాయనాలు వదులుతాయి. పక్కనున్న దాడి కణాలు కూడా వాటితో చల్లబడతాయి. వాడకట్టులో ఒక పెద్దమనిషి వచ్చి కూర్చుంటే తగాదా ఎవరిదైనా గొంతులు తగ్గినట్టు.

మూడో దారి హైఫాలోని టెక్నియాన్‌లో నేథన్ కరిన్ బృందానిది. టీఎన్‌ఎఫ్ జన్యువునే డీఎన్‌ఏగా ఇచ్చి, ఎలుక తన సొంత టీఎన్‌ఎఫ్ మీద తానే యాంటీబాడీలు తయారుచేసుకునేలా చేశారు. అప్పటికే మొదలైన కీళ్లవాతం కూడా తగ్గిందని 2000లో రాశారు. పేరుకు ఇదీ కీళ్లవాతం డీఎన్‌ఏ టీకానే. స్వభావంలో మాత్రం మిగతా రెండింటికీ పూర్తి వ్యతిరేకం. ఓర్పు నేర్పడం లేదు, ఉన్న ఓర్పును తెంచుతోంది. ఖరీదైన ఇంజెక్షన్ చేసే పనిని శరీరం చేతే ఉచితంగా చేయించడం అన్నమాట. ఇంజెక్షన్‌ను అయితే టీబీ బయటపడగానే ఆపేయవచ్చు. ఒంట్లో పుట్టిన యాంటీబాడీలను డాక్టరు అనుకున్న రోజున ఆపలేరు. టీబీ ఇంత విస్తారంగా ఉన్న దేశాలకు ఈ మూడో దారి తగినది కాదని చెప్పడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. వార్తల్లో మూడింటినీ ఒకే పేరుతో కలిపేయడం వల్ల ఈ తేడా మరుగున పడుతోంది.

ఓర్పు నేర్పే డీఎన్‌ఏ మనుషుల్లో పనిచేస్తుందా అన్న ప్రశ్నకు కీళ్లవాతం బదులు మరో రెండు జబ్బులు కొంత జవాబు ఇచ్చాయి. స్టాన్‌ఫర్డ్‌లోని లారెన్స్ స్టైన్‌మన్ పరిశోధనల నుంచి పుట్టిన బేహిల్ కంపెనీ, రోగనిరోధక వ్యవస్థ మెదడు, వెన్నుపాము నాడుల మీద పడే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బు కోసం, నాడుల తొడుగులోని మైలిన్ ప్రోటీన్ జన్యువుతో ఒక ప్లాస్మిడ్ చేసింది. 289 మందిని మూడు భాగాలు చేసి ఉత్తుత్తి మందు, 0.5 మిల్లీగ్రాములు, 1.5 మిల్లీగ్రాములు 44 వారాల పాటు ఇచ్చారు. ఫలితాలు 2008లో వచ్చాయి. తక్కువ డోసు అందినవారి మెదడు స్కానింగుల్లో కొత్త మచ్చలు ఏర్పడే వేగం సగానికి తగ్గినట్టు కనిపించింది, అయితే గణాంకాల గీతను అది కొద్దిలో దాటలేకపోయింది. ఎక్కువ డోసు అందినవారిలో ఏ మేలూ లేదు.

అదే కంపెనీ టైప్-1 మధుమేహానికి ప్రోఇన్సులిన్ జన్యువుతో చేసిన ప్లాస్మిడ్‌ను 80 మందిలో పరీక్షించింది. వారానికొకటి చొప్పున 12 ఇంజెక్షన్లు, 0.3 నుంచి 6 మిల్లీగ్రాముల వరకు నాలుగు డోసులు. 2013లో వెలువడిన ఫలితాల్లో సొంత ఇన్సులిన్ తయారీకి గుర్తయిన సి-పెప్టైడ్ 1 మిల్లీగ్రాము డోసులో అందరికన్నా బాగా నిలబడింది. 6 మిల్లీగ్రాములు అంతకన్నా గొప్పగా ఏమీ చేయలేదు. ప్రోఇన్సులిన్ మీద దాడిచేసే టి-కణాలు మాత్రమే తగ్గాయి, ఇతర క్రిముల మీద పనిచేసేవి తగ్గలేదు. కోడలి వాసన ఒక్కటే పట్టించగలమని మనుషుల్లో దొరికిన ఆనవాలు ఇది. చిన్న ప్రయోగమే అయినా దీని విలువ పెద్దది.

ఎక్కువ ఇస్తే ఎక్కువ మేలు అన్న మామూలు లెక్క ఇక్కడ చెల్లదు. ఆ సంగతి కీళ్లవాతంలోనే, డీఎన్‌ఏ కాని మందుతో, అంతకు ముందే బయటపడింది. 1993లో అమెరికాలో 60 మంది రోగులకు కోడి కొల్లాజెన్‌ను నోటి ద్వారా మూడు నెలలు ఇచ్చారు. వాపులు తగ్గాయి, నలుగురికి జబ్బు పూర్తిగా నెమ్మదించింది. ఆశలు ఆకాశాన్నంటాయి. 274 మందితో రోజుకు 20 నుంచి 2,500 మైక్రోగ్రాముల దాకా నాలుగు డోసులు పరీక్షించి 1998లో చెప్పిన ఫలితంలో, కాస్తో కూస్తో పనిచేసింది అన్నిటికన్నా చిన్నదైన 20 మైక్రోగ్రాముల డోసు ఒక్కటే. ఆ మేలు కూడా మందుగా నిలిచేంత లేదు.

కొల్లాజెన్ విషయంలో అంత వెలుగు ఎందుకు ఆరిపోయింది? చైనా ఎలుకల విజయం ఎందుకు ముందుకు సాగలేదన్న దానికీ జవాబు ఇక్కడే ఉంది. ప్రయోగశాల ఎలుకకు కీళ్లవాతం పరిశోధకులే తెప్పిస్తారు. కొల్లాజెన్‌ను ఘాటైన నూనె మందుతో కలిపి ఎక్కిస్తే, ఆ ఎలుక శరీరం కొల్లాజెన్ మీదే తిరగబడుతుంది. 1977 నుంచి వాడుతున్న నమూనా ఇది. నేరస్థుడెవరో ముందే తెలిసిన కేసు అది. మనిషి కీళ్లవాతంలో కొల్లాజెన్ మీద యాంటీబాడీలు కొద్దిమందిలోనే కనిపిస్తాయి. సిట్రులిన్ చేరిన విమెంటిన్, ఫైబ్రినోజెన్, ఆల్ఫా-ఇనొలేజ్ లాంటి ప్రోటీన్లు మరింత గట్టి అనుమానితులు. ఒకరిలో ఒకటి, ఇంకొకరిలో నాలుగు. పైగా జబ్బు ముదిరేకొద్దీ దాడి ఒక ప్రోటీన్ నుంచి పక్కదానికి పాకుతుంది. డీఎన్‌ఏ టీకాకు ఇక్కడ మరో చిక్కు కూడా ఉంది. జన్యువులో ఆర్జినైన్‌ను రాయవచ్చు, సిట్రులిన్‌కు మాత్రం జన్యు అక్షరం లేదు. ప్రోటీన్ తయారయ్యాక కణం చేసుకునే మార్పు అది. దోషి వేసుకున్న ఆ వేషాన్ని ప్లాస్మిడ్ నేరుగా రాసి పంపలేదు. కాబట్టి కోహెన్ చూపిన పెద్దమనిషి మార్గమే కీళ్లవాతానికి ఎక్కువ పొసుగుతుందనిపిస్తుంది. డీఎన్‌ఏగా కాకపోయినా, హీట్ షాక్ ప్రోటీన్‌లోని డీఎన్‌ఏజేపీ1 అనే ముక్కను 160 మంది రోగులకు ఆరు నెలలు నోటి ద్వారా ఇచ్చిన ప్రయోగంలో, టీఎన్‌ఎఫ్ వదిలే టి-కణాలు తగ్గాయని 2009లో తేలింది.

ప్రమాదమూ లేకపోలేదు. 2000లో మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకు మైలిన్ ముక్కను కాస్త మార్చి ఇంజెక్షన్‌గా ఇచ్చినప్పుడు శాంతించాల్సిన జబ్బు కొందరిలో ఎగదన్నింది. ప్రయోగం మధ్యలో ఆపేశారు. అది డీఎన్‌ఏ కాదు గానీ సూత్రం ఒకటే. కుక్కకు వాసన చూపే వేళ తప్పితే కరవడం నేర్పినట్టవుతుంది. ప్లాస్మిడ్ మన క్రోమోజోముల్లో కలిసిపోతుందేమోనన్న భయం మాత్రం ఇప్పటివరకు చేసిన పరీక్షల్లో నిజం కాలేదు.

2021లో బయోఎన్‌టెక్ శాస్త్రజ్ఞులు అలారం కొట్టని విధంగా మార్చిన ఎంఆర్‌ఎన్‌ఏతో చిట్టెలుకల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పోలిన జబ్బును అణిచారు. జన్యుసందేశంతో ఓర్పు నేర్పే ఆలోచన చేతులు మారుతోందనడానికి అది గుర్తు. రేపు కీళ్లవాతానికి ఇలాంటి టీకా వస్తే అది డీఎన్‌ఏ కావచ్చు, ఎంఆర్‌ఎన్‌ఏ కావచ్చు. తొలి రెండు జబ్బుల్లో తేలిన డోసు పాఠం రెంటికీ పనికొస్తుంది.

ఈలోగా మెథోట్రెక్సేట్ ఆపి టీకా కోసం ఎదురుచూడటం కీళ్లను చేజేతులా పాడుచేసుకోవడమే. మొదటి నెలల్లో జరిగిన ఎముక నష్టం తరవాత ఏ మందుతోనూ పూడదు. జబ్బు సద్దుమణిగాక కూడా మాత్ర తగ్గించాలా వద్దా అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. కీళ్లవాతానికి జన్యు ఇంజెక్షన్ ఇస్తామని డబ్బు అడిగే చోటికి అసలు వెళ్లకూడదు. ప్రయోగ దశలో ఉన్న చికిత్సను రోగికి అమ్మరు.

ఇలాంటి టీకాను ఎవరికి ఇచ్చి చూడాలన్నదానికి మాత్రం 2024లో కొంత వెలుగు దొరికింది. బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో యాంటీ సీసీపీ పాజిటివ్‌గా ఉండి, కీళ్ల నొప్పులుండి, వాపు ఇంకా రాని 213 మందిలో సగం మందికి అబటాసెప్ట్ ఇంజెక్షన్, మిగతావారికి ఉత్తుత్తి మందు ఏడాది పాటు ఇచ్చారు. టి-కణానికి అందే రెండో సైగను అడ్డుకునే మందు అబటాసెప్ట్. ఏడాది ముగిసేసరికి మందు అందినవారిలో 6 శాతానికి, అందనివారిలో 29 శాతానికి జబ్బు వచ్చింది. మందు ఆపాక ఇంకో ఏడాదికి ఆ అంకెలు 25, 37గా మారాయి. జబ్బు వాయిదా పడింది, ఓర్పు మాత్రం నిలవలేదు. అబటాసెప్ట్ రెండో సైగను అన్ని ప్రోటీన్లకూ ఒకేలా ఆపుతుంది, ఏ ప్రోటీన్‌ను సహించాలో టి-కణానికి చెప్పదు. ఆ లోటు పూడ్చడానికే ప్లాస్మిడ్‌ను పరీక్షించాలి, అదీ ఇలాంటి మనుషుల్లోనే. కానీ వాళ్లు ఇంకా రోగులు కారు. ఉత్తుత్తి మందు అందినవారిలో కూడా రెండేళ్లకు దాదాపు ముగ్గురిలో ఇద్దరికి జబ్బు రాలేదు. ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. అలాంటివారికి ఇచ్చే డీఎన్‌ఏ ఒక్కరిలోనైనా జబ్బును నిద్ర లేపితే ఆ తప్పు దిద్దలేనిది. కాబట్టి మొదటి డోసు ఎంత ఉండాలి, ఎన్ని నెలలు కనిపెట్టి చూడాలి, రక్తంలో ఏ మార్పు కనిపిస్తే వెంటనే ఆపేయాలి అన్నవి ప్రయోగం మొదలవకముందే రాసి పెట్టుకోవాల్సిన సంగతులు.